బాబాయ్ కంప్యూటర్: ఊరికే చేసిన ఒక రిపేరు కేసు

ఫోన్‌లో చెప్పిన సమస్య ఒక్క ముక్కే. "కంప్యూటర్ బాగా నెమ్మదించిందిరా. ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటోంది."

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు డెస్క్‌టాప్ సపోర్టు చూస్తాను. పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఆఫీసులో అయితే టికెట్ నంబరు ఉంటుంది, ఎవరు ఏం చేశారో లాగ్‌లో ఉంటుంది, నాకు తెలియంది చూడటానికి పైన ఇంకొకరు ఉంటారు. చుట్టాల కంప్యూటర్లకు ఇవేవీ ఉండవు. పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చున్నాయన ఫోన్ తీసి చేతిలో పెడతాడు, అంతే. అలా చూసినవి ఎన్నో లెక్కలేదు. ఈ ఒక్కటి మాత్రం మొదటి నుంచి రాస్తున్నాను. ఇందులో మెషీన్‌కి వచ్చిన జబ్బు సరిగానే పట్టుకున్నాను. మనిషికి జరిగింది కనుక్కోవడానికి మాత్రం ఒక రాత్రంతా పట్టింది. అందులో నా చెయ్యి కూడా ఉందని తేలింది. బాబాయ్‌కి చదివి వినిపించి, సరేనన్నాకే బయట పెడుతున్నాను.

వెనకటి సంగతి

బాబాయ్‌కి 71 ఏళ్లు. తపాలా శాఖలో పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరయ్యాడు. తెనాలిలో ఆయనా పిన్నీ ఉంటారు, పిల్లలిద్దరూ దేశంలో లేరు. కంప్యూటర్ 2015లో నేనే కొనిపెట్టాను: నాలుగో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది. ఉచితంగా అప్‌గ్రేడ్ ఇస్తున్న రోజుల్లో, 2016 సంక్రాంతికి వెళ్లినప్పుడు, విండోస్ 10 చేశాను. అందులో ఉన్నవి మూడే మూడు: మనవళ్ల ఫొటోలు, పెన్షనర్ల సంఘం లెక్కల ఎక్సెల్ ఫైళ్లు, సంఘం కరపత్రాల కోసం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టుకున్న తెలుగు ఫైళ్లు.

సంఘం గురించి ఒక మాట చెప్పాలి, కేసుకు అది ముఖ్యం. నవంబర్ వస్తే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. సంఘంలో కంప్యూటర్ 'వచ్చిన' మనిషి బాబాయ్ ఒక్కడే. ఎనిమిది మందికి తానే చేసిపెడతానని మాటిచ్చాడు. అంటే ఆయనకు నేను ఏమిటో, ఆ ఎనిమిది మందికి ఆయన అది. ఈ గొలుసు నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

ఇంకొకటి. 2020 లాక్‌డౌన్‌లో నేను ఊరికి వెళ్లలేక, దూరం నుంచి స్క్రీన్ చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆయన చేత పెట్టించాను. అది తెరవగానే కనపడే తొమ్మిది అంకెలు ఆయన చదివి చెప్పాలి, 'యాక్సెప్ట్' అని వస్తే నొక్కాలి, ఆ తర్వాత మౌస్ ముట్టుకోకూడదు. బాబాయ్ దాన్ని టెలిగ్రామ్ అంకెలు చదివినంత స్పష్టంగా, మూడేసి చొప్పున విడగొట్టి చదివేవాడు. నాకు ముచ్చటేసేది.

ఫోన్‌లో చేసిన తప్పు

నెమ్మదించిందని వినగానే డిస్క్ పోతోందని అనుకున్నాను. పదేళ్ల హార్డ్‌డిస్క్ కదా, పదింట ఎనిమిదిసార్లు అదే అవుతుంది. "ఎప్పటి నుంచి బాబాయ్?" అంటే "ఈమధ్యేరా" అన్నాడు. "కొత్తగా ఏమైనా ఇన్‌స్టాల్ చేశావా?" అంటే "నేనేం ముట్టుకోలేదు" అన్నాడు. అంతటితో వదిలేశాను. నాకు మీటింగ్ ఉంది.

ఈ ప్రశ్న అడిగే పద్ధతే తప్పని నాకు తెలియక కాదు. ఆఫీసులో ఎవరినీ 'మీరేం నొక్కారు' అని అడగం, 'స్క్రీన్ మీద చివరగా ఏం కనపడింది' అని అడుగుతాం. మొదటిది నేరం అంటగట్టినట్టు ఉంటుంది, రెండోది సాక్షిని అడిగినట్టు. బయటివాళ్ల దగ్గర పాటించే ఈ మర్యాద సొంత బాబాయ్ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోయాను.

మెషీన్ పరీక్ష

నవంబర్ 8, రెండో శనివారం, తెనాలి వెళ్లాను. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే డిస్క్ పరీక్ష ప్రోగ్రాం హెచ్చరికగా పసుపు రంగు చూపించింది. 05 వరుసలోనూ సీ5 వరుసలోనూ సున్నాలు ఉండాల్సిన చోట అంకెలు ఉన్నాయి. డిస్క్‌లో కొన్ని చోట్లు అప్పటికే చెడిపోయాయని, ఇంకొన్ని చదవడానికి మొరాయిస్తున్నాయని దానర్థం. నా అంచనా నిజమైనందుకు కాస్త గర్వం కూడా కలిగింది, దాచుకోను.

ఇలాంటి డిస్క్ కనపడగానే చాలామంది విండోస్‌లోని చెక్‌డిస్క్ పరీక్ష నడుపుతారు. వద్దు. ప్రాణం మీదికొచ్చిన డిస్క్ చేత మూల మూలా చదివించడమంటే గుండెనొప్పి మనిషిని కొండెక్కించడమే. ముందు కావలసినవి బయటికి తీసుకోవాలి, అవీ ముఖ్యమైనవి ముందు. నేను సంఘం ఎక్సెల్ ఫైళ్లు, తర్వాత తెలుగు ఫైళ్లు, చివరికి ఫొటోలు అనే వరుసలో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టాను. పిన్ని ఫొటోలు ముందు అంది. ఫొటోల్లో చాలావరకు పిల్లల ఫోన్లలో కూడా ఉంటాయి, ఆ ఎక్సెల్ మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మొత్తం కాపీకి రాత్రంతా పట్టింది. ఏడు ఫొటోలు రాలేదు.

కాపీ నడుస్తుండగా ఊరికే కూర్చోలేక, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను తేదీల వరుసలో పెట్టి చూశాను. మామూలుగా ముందు చేయాల్సిన పని అదే. అక్టోబర్ 25వ తేదీన మూడు దిగాయి. 'క్లీనర్' అని పేరున్నవి రెండు. మూడోది నేను పెట్టించిన స్క్రీన్ సాఫ్ట్‌వేరే, కొత్త వెర్షన్‌గా మళ్లీ దిగింది. బ్రౌజర్‌లో నోటిఫికేషన్లకు అనుమతి పొందిన సైట్లు 23 ఉన్నాయి. వాటిలో ఒక్క పేరు కూడా మనిషి పెట్టిన పేరులా లేదు.

"బాబాయ్, 25న శనివారం సాయంత్రం ఏం జరిగింది?"

"గుర్తులేదురా," అని లేచి వీధి గేటు వేయడానికి వెళ్లాడు. గేటు అప్పటికే వేసి ఉంది.

నోటు పుస్తకం

మర్నాడు పొద్దున కాఫీతో పాటు పిన్ని ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది. బాబాయ్ గళ్లు గీసి కౌంటర్ రిజిస్టర్‌లా రాసుకున్న కంప్యూటర్ పుస్తకం అది. తేదీ, వేళ, విషయం, రిమార్కులు.

"25-10. సా. 4-10. లైఫ్ సర్టిఫికెట్ యాప్ కోసం వెతుకుతుండగా ఎర్ర తెర. గట్టిగా మోత. విండోస్ 10 గడువు అయిపోయింది, కంప్యూటర్ లాక్ అయింది, ఆపవద్దు, ఈ నంబరుకు చేయండి అని. చేశాను. హిందీ, తర్వాత తెలుగు. మర్యాదస్థుడు. 9 అంకెలు చెప్పాను. రూ. 4,999 మూడేళ్లకు." పక్కనే యూపీఐ లావాదేవీ పన్నెండంకెల నంబరు, ఒక్క అంకె కూడా కొట్టివేత లేకుండా.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజం. బాబాయ్ ఆ వార్త పేపర్లో చదివాడు కూడా. పదకొండు రోజుల తర్వాత ఎర్ర తెర అదే మాట అంటే నమ్మక ఏం చేస్తాడు? సపోర్టు ముగియడమంటే కొత్త సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగడమే, కంప్యూటర్ ఆగదు. ఆ సంగతి ఆయనకు చెప్పాల్సింది నేను. అక్టోబర్ 14 నా క్యాలెండర్‌లో ఆఫీసు మెషీన్ల కోసం ఏడాది ముందు నుంచే గుర్తుపెట్టి ఉంది.

ఆ ఎర్ర తెర వైరస్ కూడా కాదు. ఫుల్‌స్క్రీన్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ, అంతే. ఎస్కేప్ మీట నొక్కి పట్టుకుంటే ఫుల్‌స్క్రీన్ పోతుంది, ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే బ్రౌజరే మూతపడుతుంది. హిస్టరీ చూస్తే, వెతుకులాటలో అన్నిటికంటే పైన వచ్చిన ప్రకటన మీద నొక్కడంతో ఆ పేజీకి దారి పడింది.

ఒక పేజీ వెనక్కి తిప్పాను. సెప్టెంబర్‌లో నాకు ఫోన్ చేసిన రోజు ఉంది. "ప్రింటరు. చెప్పాడు. తొందరలో ఉన్నాడు. రైట్ క్లిక్ ఎక్కడో అర్థం కాలేదు." రిమార్కుల గడిలో: "మళ్లీ అడగరాదు."

ఆ ఫోన్ నాకు గుర్తుంది. "మొన్ననే చెప్పాను కదా బాబాయ్, రాసుకోలేదా?" అన్నాను. ఆయన పుస్తకం కొన్నది ఆ మాటకే.

నేను పుస్తకం చూస్తున్నానని తెలిసి బాబాయ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కోపం లేదు, తల దించుకోనూ లేదు. "ఒరేయ్, నీకు నేను రూపాయి ఇవ్వను. అందుకని ఒకసారి అడిగింది రెండోసారి అడగలేను. వాడికి డబ్బు కట్టాను. ఆ సాయంత్రం పదిసార్లు అడిగాను, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అంతెందుకు, ఆ ప్రింటరు సంగతి కూడా వాడే చెప్పాడు."

అవును, మోసగాడు ప్రింటర్ నిజంగానే బాగుచేశాడు. నేను చేయనిది.

చికిత్స

ముందు డబ్బు, తర్వాతే మెషీన్. బాబాయ్ ఫోన్లో యూపీఐ యాప్ తెరిచి ఆటోపే పేజీకి వెళితే, అక్టోబర్ 25న పెట్టిన మాండేట్ (డబ్బు దానంతటదే కట్ అయ్యే అనుమతి) ఒకటి బతికే ఉంది, ఏడాదికి 4,999. 'మూడేళ్లకు' అని వాడు చెప్పిన ముక్కకు అర్థం అది. ఆయన పిన్ కొట్టింది ఒక చెల్లింపుకేనని ఆయన అనుకున్నాడు. 15,000 లోపు ఆటోపే అయితే తర్వాతి వాయిదాలకు పిన్ అడగదు, ఒక రోజు ముందు మెసేజ్ వస్తుంది, అంతే. ఆ మెసేజ్‌ను ఎవరు చదువుతారు? మాండేట్ రద్దు చేశాం. ఇలాంటి కేసుల్లో చాలామంది పోయిన మొత్తం చూసి ఊరుకుంటారు, పోబోయేది చూడరు.

తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. మొదటి గంటల్లోనే చేసి ఉంటే డబ్బు మధ్యలో ఆపే అవకాశం ఎక్కువ, మాకు పదిహేను రోజులు దాటింది. అయినా నింపాల్సిన గడులన్నిటికీ జవాబులు పుస్తకంలోనే ఉన్నాయి: వేళ, నంబరు, మొత్తం, లావాదేవీ నంబరు. ఇంత శుభ్రమైన ఫిర్యాదు నేను ఆఫీసులో కూడా చూడలేదు. జీమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు నా ల్యాప్‌టాప్ నుంచి మార్చాం, ఆ కంప్యూటర్ నుంచి కాదు. మెయిల్ ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతోందా, రికవరీ నంబరు మారిందా అని చూశాను. మారలేదు.

అప్పుడు తట్టింది, ఎనిమిది మంది సంగతి. "బాబాయ్, ఆ హెల్ప్‌లైన్ నంబరు ఎవరికైనా ఇచ్చావా?" ఇద్దరికి ఇచ్చాడు. మంచివాళ్లని చెప్పి మరీ. ఇద్దరికీ అప్పటికప్పుడు తనే ఫోన్ చేశాడు. నేను చేస్తానంటే వద్దన్నాడు. ఒకాయన నంబరు సేవ్ చేసుకున్నాడు కానీ ఇంకా వాడలేదు. రెండో ఆయన కాగితం పోగొట్టుకున్నాడు. ఆ పోగొట్టుకున్న కాగితానికి ఎంత సంతోషించామో చెప్పలేను.

మెషీన్ విషయంలో క్లీనర్లను తీసేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు. ముక్కూమొహం తెలియనివాడు గంటసేపు కూర్చుని లేచిన కుర్చీ అది. ఎలాగూ డిస్క్ మార్చాలి కాబట్టి 240 జీబీ ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్), పాతది ఒక 4 జీబీ ర్యామ్ వేసి, విండోస్ 10ని మొదటి నుంచి కొత్తగా ఎక్కించాను. మదర్‌బోర్డు అదే కాబట్టి యాక్టివేషన్ దానంతటదే అయింది. విండోస్ 11కి ఈ ప్రాసెసర్ పనికిరాదు, అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కూడా లేదు. అడ్డదారిలో ఎక్కించవచ్చు కానీ, నేను పక్కన లేని ఇంట్లో అడ్డదారి ఏదీ పెట్టను. మైక్రోసాఫ్ట్ ఇళ్లలో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్ల పొడిగింపు ఇస్తోంది, సెట్టింగులను ఖాతాతో సింక్ చేసుకుంటే ఉచితం. అందులో చేర్చాను. విండోస్ బదులు లినక్స్ ఎక్కిద్దామని ఆలోచించాను, అను ఫాంట్ల దగ్గర ఆగిపోయాను. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఫాంట్ లేని చోట ఆ ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట తోకలూ చుక్కలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనపడుతుంది. పదేళ్ల కరపత్రాలు అలా కనపడితే బాబాయ్‌కి కంప్యూటర్ చచ్చిపోయినట్టే. కొత్తవి రాసుకోవడానికి విండోస్‌లోనే ఉన్న తెలుగు ఫొనెటిక్ కీబోర్డు చూపించాను. "ఇంగ్లిష్‌లో తెలుగు రాయడమేమిట్రా" అని మొహం చిట్లించాడు. పట్టుబట్టలేదు.

ఫైర్‌ఫాక్స్, అందులో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పెట్టాను. ప్రకటన కనపడకపోతే ప్రకటన మీద నొక్కే పని ఉండదు. ఏ సైటూ నోటిఫికేషన్ అనుమతి అడగకుండా ఆపేశాను. పాత డిస్క్ పీకి, తేదీ రాసి బీరువాలో పెట్టాం.

ఇక చాలా ఆలోచించింది ఖాతాల గురించి. రోజూ వాడే ఖాతాకు అడ్మిన్ హక్కు లేకపోతే, ఏదైనా ఇన్‌స్టాల్ అవ్వబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉండాలి? నా దగ్గర పెట్టుకుంటే, 71 ఏళ్ల మనిషి ప్రింటర్ డ్రైవర్‌కి అన్న కొడుకు పర్మిషన్ అడగాలి. ఆయన దగ్గరే ఉంచితే ఫోన్‌లో ఎవరో 'కొట్టండి సార్' అనగానే కొట్టేస్తాడు. నేను నసుగుతుంటే బాబాయే తేల్చాడు. "పోస్టాఫీసులో ఇనప్పెట్టెకి రెండు తాళాలు. ఒకటి పోస్ట్‌మాస్టర్ దగ్గర, ఒకటి ట్రెజరర్ దగ్గర. ఇద్దరూ ఉంటేనే పెట్టె తెరుచుకుంటుంది. జాయింట్ కస్టడీ అంటారు. నన్ను నమ్మకనా? కాదు, అది రూలు." అడ్మిన్ పాస్‌వర్డ్ పిన్ని దగ్గరికి వెళ్లింది. ఎక్కడ రాసి పెట్టిందో మా ఇద్దరికీ తెలియదు.

తొమ్మిదంకెల సాఫ్ట్‌వేర్ మళ్లీ పెట్టలేదు. ఐదేళ్ల కిందట నేను నేర్పిన పాఠంలో ఎవరికి చదవాలన్నది లేదు, ఎలా చదవాలన్నదే ఉంది. మోసగాడికి అది నేర్పే శ్రమ కూడా లేకుండా చేశాను. ఇప్పుడు విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్ వాడుతున్నాం. కోడ్ నా దగ్గర పుడుతుంది, పది నిమిషాలే పనిచేస్తుంది. దాన్ని కూడా మోసగాళ్లు వాడతారు. కాబట్టి రూలు ఒకటి పెట్టాం: ఫోన్ ఎప్పుడూ బాబాయే చేయాలి. నేను ఫోన్ చేసి కోడ్ కొట్టమంటే అది నేను కాదు.

లైఫ్ సర్టిఫికెట్ చివరికి ఫోన్లోనే అయింది. జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్, ఆధార్‌తో మొహం సరిచూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, రెండూ ప్లే స్టోర్ నుంచి. పిన్ని చీర కొంగుతో కెమెరా అద్దం తుడిచి ఫోన్ పట్టుకుంది, బాబాయ్ కళ్లు ఆర్పాడు. ఐదు నిమిషాలు. ఆ మధ్యాహ్నం అరుగు మీద వరుసగా కూర్చుని ఇంకో ఆరుగురు కళ్లు ఆర్పి వెళ్లారు.

ఖర్చు, తర్వాతి సంగతి

ఎస్ఎస్‌డీ, ర్యామ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అన్నీ కలిపి ఏడు వేలు దాటింది, బాబాయే ఇచ్చాడు. నా రెండు రోజులకు కూడా ఇస్తానన్నాడు, నేను తీసుకోలేదు. అక్కడ చిక్కొచ్చింది. "అయితే మళ్లీ మొదటికే వచ్చాం," అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. ఊరికే చేస్తే అడగడానికి ఆయనకు మొహం చెల్లదు, డబ్బు తీసుకుంటే మా నాన్న నన్ను ఇంట్లోకి రానివ్వడు.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ప్రతి ఆదివారం పదింటికి అరగంట బాబాయ్‌ది. ప్రశ్నలు పుస్తకంలో రాసి ఉంచుతాడు, అదే ప్రశ్న నాలుగోసారి అయినా సరే. బదులుగా అమ్మ పేరున పోస్టాఫీసులో ఉన్న మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ (ఎంఐఎస్), మా పాప పేరున ఉన్న సుకన్య సమృద్ధి ఖాతా, నామినీల కాగితాలు ఆయన చూస్తాడు. అమ్మ ఎంఐఎస్‌కి ఐదేళ్లు నిండి, ఆపైన ఏడు నెలలుగా డబ్బు అలాగే పడుంది. నాకు తెలియనే తెలియదు. మొదటి ఆదివారం ఆ విషయంలో నన్ను గట్టిగానే విసుక్కున్నాడు. "పాస్‌బుక్ తెరిచి చూడవా?"

డిసెంబర్‌లో ఒక ఆదివారం తప్పింది, ఆఫీసు పని. సోమవారం ఉదయం ఆరింటికే ఫోన్ వచ్చింది, బాకీ వసూలుకు. డిసెంబర్ చివర్లో బ్యాంకు నుంచి నిజంగానే కేవైసీ గురించి ఫోన్ చేస్తే బాబాయ్ కట్ చేసి, ఆటో ఎక్కి బ్రాంచికి వెళ్లి "ఇప్పుడు అడగండి" అన్నాడట. అక్కడి అమ్మాయి నవ్విందట కానీ, పని చేసిపెట్టింది. సైబర్ ఫిర్యాదు ఇంకా పరిశీలనలోనే ఉంది, 4,999 రాలేదు.

సంక్రాంతికి వెళ్లినప్పుడు పుస్తకం చూశాను. 11-1 ఆదివారం దగ్గర విషయం గడిలో "ప్రశ్నలు లేవు" అని ఉంది. రిమార్కుల్లో: "అరగంట మాట్లాడాడు." కింద ఎర్ర సిరాతో 13-10-2026 అని రాసి, గుండ్రంగా గీత గీసి పెట్టుకున్నాడు. అప్పటికి ఏ కంప్యూటర్ కొనాలో జూలైలో ఒక ఆదివారం తేలుద్దామన్నాడు.